నూతన్ ప్రసాద్ గొంతు, సుధా చంద్రన్ కాలు: మన తెర మీద వైకల్యం కథ

ఈ రోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీ దగ్గర ఒక విషయం ఒప్పుకోవాలి. నాకు నత్తి ఉంది. "ఏంటి బ్రో, ఇన్ని వీడియోలు చూశాం, ఎప్పుడూ అనిపించలేదే" అంటారని తెలుసు. అనిపించదు, ఎందుకంటే నేను కట్ చేసేస్తాను. పదిహేను నిమిషాల వీడియో కోసం నలభై నిమిషాలు రికార్డ్ చేస్తాను. "ప" దగ్గర ఆగిపోయిన చోటు, "క" దగ్గర మెడ నరాలు బిగుసుకున్న చోటు, అన్నీ ఎడిటింగ్‌లో ఎగిరిపోతాయి. మీకు వినపడేది మిగిలిన ముక్కలు అతికించిన మనిషి.

ఈ ఎపిసోడ్‌కి స్క్రిప్ట్ రాసుకున్నది వేరే ఉద్దేశంతో. తెలుగు తెర మీద గుడ్డివాళ్ళు, మూగవాళ్ళు, కాళ్ళు లేనివాళ్ళు ఎలా కనిపించారు అని ఒక చరిత్ర చెప్దామనుకున్నా. రికార్డింగ్ అయ్యాక ఎప్పట్లాగే కట్ చేయడానికి కూర్చున్నా. ఒక చోట "మయూరి" అనే మాట మీద ఆరు సెకన్లు ఆగాను. దాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టబోతూ ఆగిపోయా. వైకల్యం ఉన్న మనుషుల్ని తెర మీద నుంచి ఎలా తీసేశారో చెప్తూ, అదే పని నేను నా మీద చేసుకుంటున్నా కదా అనిపించింది. అందుకే ఈ సారి కథ కొంచెం వేరే దారిలో చెప్తాను.

మన పాత సినిమాల నుంచి మొదలుపెడదాం. 1961లో "కలసివుంటే కలదు సుఖం" అనే సినిమా వచ్చింది. తాపీ చాణక్య డైరెక్టర్, ఎన్టీఆర్, సావిత్రి జంట. తమిళంలో శివాజీ గణేశన్ చేసిన "భాగప్పిరివినై"కి రీమేక్. హీరోకి చిన్నప్పుడు కరెంట్ షాక్ కొట్టి ఒక చెయ్యి, ఒక కాలు పడిపోతాయి. రాముడు, కృష్ణుడు వేసే ఎన్టీఆర్ ఒక చెయ్యి ముడుచుకుని, కాలీడుస్తూ సినిమా అంతా నటించడం చిన్న విషయం కాదు. ఈ రోజుకీ ఆ నటన గురించి మా తాతయ్య వయసువాళ్ళు చెప్తారు. మరి క్లైమాక్స్‌లో ఏమవుతుంది? మళ్ళీ కరెంట్ షాక్ కొడుతుంది. చెయ్యీ కాలూ వచ్చేస్తాయి! శుభం కార్డు.

నవ్వకండి. నిజంగా నవ్వకండి, ఎందుకంటే ఈ షాక్ మన సినిమాల్ని ఇప్పటికీ వదల్లేదు. సీరియల్స్ చూసే ఇంట్లో పెరిగినవాళ్ళకి బాగా తెలుసు. హీరోయిన్ వీల్‌చైర్‌లోకి వచ్చిందంటే కొన్ని వారాల్లో లేస్తుంది. లేచేది కూడా ఫిజియోథెరపీ వల్ల కాదు, పిల్లాడు మెట్ల మీద నుంచి పడబోతుంటేనో, దీపం ఆరిపోబోతుంటేనో లేస్తుంది. వైకల్యం అంటే తాత్కాలికంగా పట్టిన గ్రహణం లాంటిది, మంచివాళ్ళని వదిలేస్తుంది అనే లెక్క. విలన్లని మాత్రం వదలదు. దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా మహాభారతం వచ్చినప్పుడు గూఫీ పెయింటల్ శకునిగా కుంటుతూ వచ్చేవాడు. ఆ నడక చూస్తే చాలు, బుద్ధి కూడా వంకరే అని పిల్లలకి కూడా అర్థమైపోయేది.

ఈ లెక్కని కొంచెం కదిలించినవాడు కె. విశ్వనాథ్. 1976లో "సిరిసిరిమువ్వ"లో జయప్రద మాటలు రాని నర్తకి. దాన్నే ఆయన 1979లో హిందీలో "సర్గమ్"గా తీశారు. 1986లో అయితే ఒకే ఏడాది రెండు సినిమాలు. "సిరివెన్నెల"లో హీరో చూపులేని వేణువాదకుడు, సుహాసిని మాట్లాడలేని చిత్రకారిణి. "స్వాతిముత్యం"లో కమల్ హాసన్ శివయ్య. ఆ ఏడాది ఆస్కార్‌కి ఇండియా పంపిన సినిమా అదే.

స్వాతిముత్యం గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. శివయ్యకి వయసుకి తగ్గ బుద్ధి ఎదగలేదు. భర్త పోయిన లలిత మెడలో తాళి కడతాడు. ఈ రోజు చూస్తే ఆ సీన్ మీద చాలా ప్రశ్నలు వస్తాయి, ఆవిడని ఎవరు అడిగారు అని. ఆ ప్రశ్నలు సరైనవే. కానీ మీరు గమనించారా, శివయ్యకి నయం కాదు. సినిమా మొదలయ్యేసరికే ఆయన ముసలాయన, మనవలకి కథ చెప్తుంటాడు. ఉద్యోగం చేశాడు, పిల్లల్ని పెంచాడు, తాత అయ్యాడు, శివయ్యగానే ఉన్నాడు. షాక్ కొట్టకుండా ఒక జీవితం అంతా గడిపిన మనిషిని మన కమర్షియల్ సినిమా చూపించడం చాలా అరుదు. నాకు ఇబ్బంది ఎక్కడంటే, అతన్ని మరీ ముత్యంలా చేసేశారు. కోపం లేదు, స్వార్థం లేదు. నత్తి ఉన్న మనిషిగా చెప్తున్నా, మాకు కోపం బాగానే వస్తుందండి.

ఇప్పటి దాకా చెప్పిన వాళ్ళందరిలో ఒక కామన్ పాయింట్ ఉంది. కెమెరా ఆఫ్ అవగానే ఎన్టీఆర్ చెయ్యి వచ్చేస్తుంది, జయప్రద మాట్లాడుతుంది, కమల్ హాసన్ ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ ఇస్తాడు. అది నటన, తప్పేం లేదు. మరి నిజంగా వైకల్యం ఉన్న మనిషి తెర మీదకి ఎప్పుడొచ్చాడు?

వచ్చింది. 1985లో. అది మన తెలుగు సినిమానే.

సుధా చంద్రన్ బొంబాయిలో పెరిగిన అమ్మాయి, చిన్నప్పటి నుంచి భరతనాట్యం. 1981లో తమిళనాడులో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం. అసలు దెబ్బ అంత పెద్దది కాదు. కాలికి తగిలిన గాయం సరిగ్గా చూడకపోవడంతో గ్యాంగ్రీన్ వచ్చింది, మోకాలి కింద నుంచి కుడి కాలు తీసేయాల్సి వచ్చింది. టీనేజ్ అమ్మాయి, డాన్సర్, కాలు లేదు. అక్కడితో కథ అయిపోయిందనే అందరూ అనుకుని ఉంటారు.

జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ అని ఒక ఆర్థోపెడిక్ సర్జన్ ఉండేవారు. ఆయన, రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు కలిసి తయారుచేసిందే జైపూర్ కాలు. ఇక్కడ చిన్న సైడ్ ట్రాక్. విదేశీ కృత్రిమ కాళ్ళకి బూటు వేసుకోవాలి, కుర్చీలోనే కూర్చోవాలి. మనం చెప్పులు విప్పి గుళ్ళోకి వెళ్తాం, పొలంలో బురదలో దిగుతాం, కింద బాసింపట్టు వేసి కూర్చుని తింటాం. ఈ పనులన్నీ చేయగలిగేలా రబ్బరుతో, తక్కువ ఖర్చుతో, ఉత్తి పాదంలా కనపడేలా తయారుచేశారు. ఆ ఐడియాలో పెద్దగా చదువుకోని ఆ శర్మగారి చేతిపని ఎంతుందో జనం తక్కువ మాట్లాడతారు. సేథీకి 1981లో మెగసెసె అవార్డు వచ్చింది.

ఆ కాలుతో సుధా చంద్రన్ మళ్ళీ నేర్చుకుంది. అడుగు వేయడం దగ్గర నుంచి. 1984 జనవరిలో బొంబాయిలో స్టేజ్ ఎక్కి డాన్స్ చేసింది. వార్త దేశమంతా పాకింది. ఉషాకిరణ్ మూవీస్ రామోజీరావు నిర్మాతగా, సింగీతం శ్రీనివాసరావు డైరెక్టర్‌గా "మయూరి" తీశారు. ఆ పాత్రకి పేరున్న హీరోయిన్‌ని పెట్టి, కాలు మడిచి కట్టి, యాంగిల్స్‌లో మేనేజ్ చేయొచ్చు. అప్పటికి అదే పద్ధతి. వాళ్ళు సుధా చంద్రన్‌నే పెట్టారు. నటన తెలియని అమ్మాయి, తన కథలో తనే. జాతీయ అవార్డుల్లో ఆమెకి స్పెషల్ జ్యూరీ అవార్డు వచ్చింది. తర్వాత హిందీలో "నాచే మయూరి" కూడా ఆమెతోనే.

మయూరి చూడనివాళ్ళు ఒకసారి చూడండి. సినిమాలో అతి ఉంది, ఏడుపు ఉంది, ఎనభైల సినిమా కదా. కానీ ఆమె ఆ కాలు మీద మొదటిసారి నిలబడే చోట మీకు తెలియకుండానే ఊపిరి బిగపడతారు. అక్కడ పడిపోతే నిజంగానే పడిపోతుంది. ఆ భయం నటనతో రాదు.

సుధా చంద్రన్ జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం మయూరి తర్వాతది. 2001లో స్టార్ ప్లస్‌లో "కహీ కిసీ రోజ్" అని ఒక సీరియల్ వచ్చింది. అందులో ఆమె రమోలా సికంద్. పెద్ద పెద్ద బొట్లు, ఖరీదైన చీరలు, కొంపలు కూల్చే అత్తగారు. ఆ పాత్రకి, ఆమె కాలికి ఏ సంబంధమూ లేదు. దేశంలో ఆడవాళ్ళంతా ఆ బొట్టు చూశారు, కాలు ఎవరూ తలుచుకోలేదు. వైకల్యం ఉన్న నటి, వైకల్యంతో సంబంధం లేని విలన్ వేషం, ఏళ్ళ తరబడి. ఇదీ విజయం అంటే, నన్నడిగితే. అవార్డు కంటే ఇది పెద్దది.

అలాగని లోకం మారిపోలేదు. 2021లో ఆమె ఒక వీడియో పెట్టింది, మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రతిసారీ ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో తన కృత్రిమ కాలు తీసి చూపించమంటున్నారని, చాలా బాధగా ఉందని ప్రధానమంత్రికి విజ్ఞప్తి చేసింది. భద్రతా దళం క్షమాపణ చెప్పింది. రమోలా సికంద్‌ని గుర్తుపట్టిన దేశమే ఆమెని కాలు విప్పమంది.

సరే, ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మనిషి దగ్గరికి వస్తున్నా.

మాది గుడివాడ. అక్కడి నుంచి బస్సెక్కితే గంటలోపే కైకలూరు. ఆ కైకలూరులో పుట్టినవాడు తాడినాడ వరప్రసాద్, సినిమా పేరు నూతన్ ప్రసాద్. బాపు "ముత్యాల ముగ్గు"లో ఉన్నాడు. బాపు తీసిన "రాజాధిరాజు"లో "నూటొక్క జిల్లాల అందగాడు" అనిపించుకున్నాడు. విలన్‌గా చేస్తే నవ్వు వచ్చేది, కామెడీ చేస్తే భయం వేసేది. ఎనభైల్లో ఆయన లేని సినిమా వెతుక్కోవాలి.

1989లో "బామ్మమాట బంగారుబాట" షూటింగ్. కారు గాల్లో ఎగిరే సీన్. కారుని పైకి లేపి తీస్తుంటే గొలుసు తెగి కింద పడింది. అందులో ఉన్న నూతన్ ప్రసాద్ వెన్నెముక దెబ్బతింది. నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. షాక్ కొట్టడానికి ఎవరూ రాలేదు. సినిమా వాళ్ళు కథలో రాసే ప్రమాదం, సినిమా తీస్తూ నిజంగా జరిగింది.

ఆయన ఆ తర్వాత కూడా నటించాడు. వీల్‌చైర్‌లో ఉండే పాత్రలు, కూర్చుని ఉండే పాత్రలు. నిజం చెప్పాలంటే అంతకు ముందు ఉన్నన్ని రాలేదు. మన రైటర్లకి కూర్చున్న మనిషి అనగానే ఒక జమీందారో, పోలీస్ బాసో, కుర్చీలో ఉండే తండ్రో తప్ప ఇంకేదీ తోచలేదేమో. లేచి నడిచే విలన్‌కి వంద రకాలుంటాయి. కూర్చున్న విలన్‌కి కూడా వంద రకాలుండొచ్చని ఎవరూ రాయలేదు.

ఆయనకి రెండో ఇన్నింగ్స్ ఇచ్చింది టీవీ. ఈటీవీలో "నేరాలు-ఘోరాలు" గుర్తుందా? తొంభైల్లో పుట్టినవాళ్ళకి ఆ పేరు చెప్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ గొంతు! మెల్లగా, బరువుగా, ప్రతి మాటకీ ముందు ఒక చిన్న విరామం ఇచ్చి. అది నూతన్ ప్రసాద్ గొంతే. మా ఇంట్లో పిల్లలు చూడకూడదని రూల్. నేను దుప్పట్లో నుంచి వినేవాణ్ణి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. బడిలో హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనడం రాక చెయ్యి ఎత్తేవాణ్ణి. ఒక మాస్టారు చెయ్యి చాలదు, నోరు తెరువు అనేవారు. క్లాసంతా నాతో పాటు "ప్ప ప్ప ప్ప" అనేది. విచిత్రం ఏంటంటే అసెంబ్లీలో అందరితో కలిసి ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు నత్తి వచ్చేది కాదు. పాటలో రాదు, గుంపులో రాదు, ఇంకొకరి గొంతు అనుకరించినప్పుడు చాలామందికి రాదు. ఇది నత్తి ఉన్నవాళ్ళందరికీ తెలిసిన విషయం, డాక్టర్లకీ తెలుసు. నాకు తెలిసింది మాత్రం ఒక రాత్రి మా చెల్లిని భయపెడదామని నూతన్ ప్రసాద్ గొంతుతో మాట్లాడినప్పుడు. ఒక వాక్యం పూర్తిగా వచ్చింది. ఎక్కడా ఆగలేదు. చెల్లి భయపడింది, నేను అంతకంటే ఎక్కువ భయపడ్డా. ఆ గొంతులో విరామాలు ఎక్కువ కదా. నేను ఆగిపోయే చోట ఆయన కావాలని ఆగేవాడు.

మర్నాటి నుంచి ఇంట్లో నేనే నేరాలు, నేనే ఘోరాలు. అన్నం పెట్టమని కూడా ఆ గొంతుతోనే అడిగేవాణ్ణి. అమ్మ నవ్వలేక చచ్చేది. ఆ గొంతు ఇచ్చిన మనిషి వీల్‌చైర్‌లో ఉన్నాడని నాకు అప్పుడు తెలియదు. 2011లో ఆయన చనిపోయిన రోజు టీవీలో పాత ఫోటోలు వేస్తుంటే తెలిసింది. మా నాన్న "అవున్రా, పాపం, ఎప్పుడో యాక్సిడెంట్ అయింది" అన్నారు. నాకు "పాపం" అనే మాట మింగుడు పడలేదు. నన్ను మాట్లాడించిన మనిషి పాపం ఏంటి?

ఇక కామెడీ సంగతి. "కళ్ళు" అని 1988లో ఎం.వి. రఘు తీసిన సినిమా ఉంది, గొల్లపూడి మారుతీరావు నాటకం ఆధారంగా. గుడ్డి బిచ్చగాళ్ళ కథ. అందులో చేసిన చిదంబరం గారికి ఆ సినిమా పేరే ఇంటిపేరైపోయింది. కళ్ళు చిదంబరం. విశాఖ పోర్టులో ఉద్యోగి, నాటకాల మనిషి, మంచి నటుడు. తర్వాత ఎన్నో సినిమాల్లో ఆయన్ని మెల్లకన్ను కోసమే పిలిచారు. ఎటు చూస్తున్నాడో తెలియక పక్కవాడు కంగారుపడటం, అదే జోకు. నేనూ నవ్వాను. చెవిటి తాతయ్య జోకులకీ నవ్వాను. నత్తి సీన్ వస్తే మాత్రం హాల్లో నా ఫ్రెండ్స్ తెర వైపు కాదు, నా వైపు చూసేవాళ్ళు.

ఈ జోకుల గురించి 2024 జులైలో సుప్రీంకోర్టు మాట్లాడింది. "ఆంఖ్ మిచోలీ" అనే హిందీ సినిమాలో మతిమరుపు, చెవుడు, నత్తి, రేచీకటి ఉన్నవాళ్ళని ఎగతాళి చేశారని నిపుణ్ మల్హోత్రా అనే దివ్యాంగ హక్కుల కార్యకర్త కేసు వేశారు. జస్టిస్ చంద్రచూడ్ బెంచ్ సినిమాని ఆపలేదు. కానీ ఒక తేడా గీసింది. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వైకల్యం ఉన్న మనిషిని కించపరిచే హాస్యం వేరు. ఆ వైకల్యం ఉన్నవాళ్ళని అడగండి అని కూడా చెప్పింది. నాకు ఆ తేడా బాగా తెలుసు. మా అమ్మ నవ్వు మొదటి రకం, హాల్లో నా వైపు తిరిగిన మొహాలు రెండో రకం.

2015 నుంచి మన హీరోలంతా ఒక్కసారిగా ఈ పాత్రల మీద పడ్డారు. "భలే భలే మగాడివోయ్"లో నానికి మతిమరుపు, "రాజా ది గ్రేట్"లో రవితేజకి చూపులేదు. "ఊపిరి"లో నాగార్జున మెడ కింద ఏదీ కదపలేని మనిషి, కుర్చీలోనే మొదలై కుర్చీలోనే ముగుస్తాడు, అందుకు ఆ సినిమాకి నా సెల్యూట్. "రంగస్థలం"లో చిట్టిబాబుకి సరిగ్గా వినపడదు, ఊళ్ళో సౌండ్ ఇంజనీర్ అంటారు. సుకుమార్ ఆ చెవుడుని ముందు కామెడీకి వాడి, తర్వాత కథకి గుండెకాయ చేశాడు. ఇవి మంచి సినిమాలే. కానీ ఒక్కదాంట్లో కూడా హీరో పాత్ర వేసిన మనిషికి ఆ వైకల్యం లేదు. మయూరి తెరిచిన తలుపులోంచి మళ్ళీ ఎవరూ రాలేదు.

"జై లవ కుశ" మాత్రం నాకు పర్సనల్. 2017 సెప్టెంబర్, హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగం, ఆఫీసు గ్యాంగ్‌తో సినిమా. ముగ్గురు అన్నదమ్ములు, మేనమామ నాటకాల కంపెనీ. పెద్దవాడు జైకి నత్తి, అందుకని స్టేజ్ ఎక్కనివ్వరు. తమ్ముళ్ళు కూడా వెక్కిరిస్తారు. వాడే పెద్దయ్యాక రావణుడవుతాడు. ఎన్టీఆర్ నత్తితో డైలాగ్ మొదలుపెట్టగానే హాలంతా ఈలలు. నా జీవితంలో మొదటిసారి నత్తికి ఈల పడింది. ఎవరూ నవ్వలేదు, ఆ మాట పూర్తయ్యే దాకా భయంతో ఎదురుచూశారు. చీకట్లో ఏడ్చేశాను, ఒప్పుకుంటున్నా. తర్వాత క్లైమాక్స్ వచ్చింది. నత్తి లేని ఇద్దరూ బతికారు, నత్తి ఉన్నవాడు చచ్చిపోయాడు. మర్నాటి నుంచి ఆఫీసులో నన్ను "జై" అని పిలిచేవాళ్ళు. ప్రేమగానే. మీటింగ్‌లో ప్రజెంటేషన్ మాత్రం వేరేవాళ్ళకి ఇచ్చేవాళ్ళు.

అందుకే ఈ ఎపిసోడ్ వీడియోలో నేను ఏదీ కట్ చేయలేదు. ముప్పై ఎనిమిది నిమిషాలు వచ్చింది. ఓపిక ఉంటే చూడండి, లేకపోతే ఇది చదివితే చాలు.

ట్రాన్స్‌క్రిప్ట్ టైప్ చేసే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు ఆగిన చోట ఎలా కొట్టమంటావ్? మ... మ... మయూరి అని చుక్కలు పెట్టనా?" అని. చాలాసేపు ఆలోచించా. ఆ చుక్కలు నేను ఇంతకు ముందు చూసింది కామెడీ సీన్ పేపర్లలోనే. వద్దురా, మామూలుగా కొట్టు అన్నా. "మరి వీడియోలో ఉంచావుగా" అన్నాడు. వీడియోలో అది నా గొంతు, కాగితం మీద అది ఎవరో రాసిన జోకులా ఉంటుందిరా అన్నా. వాడికి పూర్తిగా నచ్చలేదు. ఇంకా ఒకసారి ఆలోచించు అన్నాడు. ఆలోచిస్తున్నా. ప్రస్తుతానికి మీరు చదివింది చుక్కలు లేనిది.

వచ్చే వారం కలుద్దాం.